ఒప్పంద స్వేచ్ఛ, సంఘటిత స్వేచ్ఛ: బ్రిటిష్ ఉదారవాద, సామ్యవాద చరిత్రలో కార్మికోద్యమ స్థానం

వ్యాస సంగ్రహం

పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ రాజకీయ చింతనను ఉదారవాదానికీ సామ్యవాదానికీ మధ్య జరిగిన వాదంగా వివరించి, కార్మికోద్యమాన్ని రెండోదానికి ఆచరణరూపంగా చూపడం మన పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన పద్ధతి. ఈ వ్యాసం ఆ పద్ధతిని విమర్శిస్తుంది. కార్మిక సంఘాలు ఫలించవని ఉదారవాద అర్థశాస్త్రమూ, సామ్యవాదంలోని ఒక ప్రధాన శాఖా ఒకే కాలంలో వాదించాయనీ, ఆ రెండు వాదాలనూ సవరించుకోక తప్పని స్థితిని సంఘాలే కల్పించాయనీ ప్రతిపాదిస్తుంది. 1906 నాటి చట్టంలో సంఘాలకు దక్కినది హక్కు కాదు, మినహాయింపు. ఆ రూపమే 1926లో భారతదేశానికి వచ్చింది.

కీలక పదాలు: ఉదారవాదం, సామ్యవాదం, కార్మిక సంఘం, ఒప్పంద స్వేచ్ఛ, వేతన నిధి సిద్ధాంతం, టాఫ్ వేల్ తీర్పు, భారత కార్మిక సంఘాల చట్టం.

ఉపోద్ఘాతం

రాజనీతిశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ఉదారవాదానికి ఒక అధ్యాయం, సామ్యవాదానికి మరొక అధ్యాయం ఉంటాయి. మొదటిదానిలో లాక్, బెంథామ్, మిల్ కనిపిస్తారు. రెండోదానిలో ఓవెన్, మార్క్స్, ఫేబియన్లు కనిపిస్తారు. కార్మికోద్యమానికి సాధారణంగా వేరే అధ్యాయం ఉండదు. సామ్యవాదం గురించిన అధ్యాయం చివర దాని ప్రభావాలను చెప్పేచోట రెండు మూడు పేరాలు దానికి దక్కుతాయి. బోధనకు ఈ అమరిక అనుకూలమే. కానీ అందులో ఒక నిర్ణయం దాగి ఉంది. ఆలోచించడం సిద్ధాంతకర్తల పని, అమలు చేయడం ఉద్యమం పని అన్నదే ఆ నిర్ణయం.

తెలుగులో ఈ చిక్కు మరికొంత పెరిగింది. 'ఉదార' శబ్దానికి మన వాడుకలో దాతృత్వం ప్రధానార్థం. ఉదారుడు ఇచ్చేవాడు. కనుక ఉదారవాదం అనగానే స్వేచ్ఛలను పంచిపెట్టిన సిద్ధాంతం అనే భావం పాఠకుని మనసులో ముందే ఏర్పడుతుంది. సంఘం పెట్టుకొనే స్వేచ్ఛ, సమ్మె చేసే స్వేచ్ఛ ఆ పంపకంలో భాగాలుగానే తోస్తాయి. బ్రిటన్ చరిత్రను దగ్గరగా చూస్తే ఈ దాత, గ్రహీత సంబంధం ఎక్కడా నిలబడదు. కార్మికోద్యమం సామ్యవాదానికి పుట్టిన బిడ్డ అనే ఎదుటి పక్షపు కథ కూడా అంతగా నిలబడదు.

ఈ వ్యాసానికి బ్రిటన్ ప్రధాన క్షేత్రం. మద్రాసు ప్రస్తావన చివరలో వస్తుంది. బ్రిటిష్ చట్టం రూపమే అక్కడికి చేరింది కాబట్టి ఆ ప్రస్తావన అవసరమైంది.

సంఘాలు అంతరిస్తాయన్న ఆశతో ఇచ్చిన స్వేచ్ఛ

1799, 1800 సంవత్సరాల చట్టాలు వేతనాల పెంపు కోసం కార్మికులు కూడగట్టుకోవడాన్ని నేరంగా పరిగణించాయి. వాటిని 1824లో పార్లమెంటు రద్దు చేసింది. ఆ రద్దుకు కారకులు కామన్స్ సభలో జోసెఫ్ హ్యూమ్, సభ వెలుపల ఫ్రాన్సిస్ ప్లేస్. ప్లేస్ లండన్‌లోని చేరింగ్ క్రాస్‌లో బట్టలు కుట్టించే దుకాణం నడిపేవాడు. యౌవనంలో తోలు లాగులు కుట్టే పనివాడిగా 1793 సమ్మెకు నాయకత్వం వహించి, ఆ కారణంగా చాలాకాలం పని దొరకక పస్తులున్నవాడు. తరువాత బెంథామ్ అనుయాయి అయ్యాడు. విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పనివారికి ఏమి చెప్పాలో, ఎలా చెప్పాలో దగ్గరుండి నేర్పినవాడు అతడే.

కార్మిక సంఘాల చరిత్రలో ప్లేస్‌ను ఉపకారిగా స్మరించడం న్యాయమే. అయితే రద్దు వల్ల అతడు ఆశించిన ఫలితం వేరు. నిషేధం ఉన్నందువల్లనే పనివారు ఒకచోట చేరుతున్నారనీ, నిషేధం తొలగితే కూడవలసిన కారణమే పోయి సంఘాలు వాటంతటవే అంతరిస్తాయనీ అతని నమ్మకం. వేతనాన్ని నిర్ణయించేది శ్రమ విపణి, దానిని సంఘం మార్చలేదు అన్నది అతడు నేర్చిన అర్థశాస్త్రం. ఆ స్వేచ్ఛ ఎవరూ వినియోగించుకోరన్న ధీమాతో ఇచ్చిన స్వేచ్ఛ. వినియోగం వెంటనే మొదలైంది. సమ్మెలు వెల్లువెత్తాయి. మరుసటి ఏడాదే, 1825లో, పార్లమెంటు ఆ స్వేచ్ఛను మళ్లీ కుదించింది. సంఘం ఉండవచ్చు, కానీ బెదిరింపు, అడ్డగింపు వంటి పదాలకు లొంగే ఏ చర్యా కూడదన్నది కొత్త చట్టం.

1834లో టోల్‌పడిల్ గ్రామానికి చెందిన ఆరుగురు వ్యవసాయ కూలీలకు ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడింది. అప్పటికి సంఘం పెట్టుకోవడం నేరం కాదు. అందుచేత నౌకాదళ తిరుగుబాట్ల దరిమిలా 1797లో చేసిన అక్రమ ప్రమాణాల చట్టాన్ని వెలికితీశారు. సంఘంలో చేరేటప్పుడు రహస్య ప్రమాణం చేయడమే వారి నేరమైంది. ఆనాటి ప్రభుత్వం 1832 సంస్కరణ చట్టం తెచ్చిన విగ్ పక్షానిది. మధ్యతరగతికి ఓటు ఇచ్చిన పక్షం రెండేళ్లు గడవకముందే కూలీలను నౌకలెక్కించింది. దీనిని వైరుధ్యం అనడం కంటే ఆనాటి ఉదారవాదపు సరిహద్దు అనడం సరైనది.

ఆ సరిహద్దును దాపరికం లేకుండా చెప్పినవాడు తెలుగు పాఠకులకు మరో సందర్భంలో చిరపరిచితుడైన మెకాలే. 1842లో చార్టిస్టులు 33 లక్షలకు పైగా సంతకాలతో రెండో వినతిపత్రాన్ని కామన్స్ సభకు తెచ్చారు. మే 3న జరిగిన చర్చలో మెకాలే దానిని వ్యతిరేకించాడు. రహస్య ఓటు వంటి కొన్ని కోరికలు తనకు సమ్మతమేననీ, సార్వత్రిక ఓటు హక్కు మాత్రం ఆస్తి భద్రతకూ తద్ద్వారా నాగరికతకూ పొసగనిదనీ అతని వాదం. 1835 నాటి విద్యా నివేదికను మాత్రమే చదివి అతడిని వలసవాదిగా మాత్రమే అర్థం చేసుకొన్న మనకు ఈ ప్రసంగం కూడా అవసరం. స్వదేశపు పనివారిని గురించీ అతని అంచనా అంత భిన్నంగా లేదు.

ఇక్కడ ఇ. పి. థాంప్సన్ 1963లో ప్రచురించిన ఆంగ్ల కార్మికవర్గ చరిత్రను గుర్తుచేసుకోవాలి. చేతివృత్తుల వారిలో స్వేచ్ఛా భాష అంతకు చాలా ముందే ఉందనీ, పెయిన్ రచనల నుంచీ అసమ్మతి మతశాఖల నుంచీ పుట్టుకతో స్వతంత్రుడైన ఆంగ్లేయుడనే జన విశ్వాసం నుంచీ అది రూపొందిందనీ ఆయన చూపాడు. చార్టిస్టులు కోరిన ఆరు అంశాలూ రాజకీయ స్వేచ్ఛలే. వాటిలో ఆస్తి పంపకం లేదు. పక్షంగా ఉదారవాదులు నిరాకరించిన స్వేచ్ఛలను కార్మికులు ఉదారవాదం నుంచి అరువు తెచ్చుకోలేదు. అవి వారి వద్దనే ఉన్నాయి.

ఒప్పందం ఎవరిది?

ఉదారవాద అర్థశాస్త్రానికి మూలస్తంభం ఒప్పంద స్వేచ్ఛ. యజమాని, పనివాడు ఇద్దరూ స్వతంత్రులు, ఇష్టమైతే కుదుర్చుకొంటారు, లేకుంటే విడిపోతారు. ఇది సిద్ధాంతం. న్యాయస్థానంలో ఒప్పందానికి వేరే ముఖం ఉండేది. 1823 నాటి యజమాని, సేవకుల చట్టం ప్రకారం ఒప్పందాన్ని పనివాడు ఉల్లంఘిస్తే అది నేరం, మూడు నెలల వరకు ఖైదు. యజమాని ఉల్లంఘిస్తే అది సివిలు వ్యవహారం, సొమ్ముతో తీరిపోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1858 నుంచి 1875 వరకు ఏటా సగటున సుమారు 10,000 మంది పనివారిని ఈ చట్టం కింద విచారించారు. స్వేచ్ఛా వాణిజ్యానికి స్వర్ణయుగంగా చెప్పుకొనే కాలం ఇదే. రాజ్యం ఆర్థిక వ్యవహారాలలో జోక్యం చేసుకోకూడదన్న సూత్రం ఉన్నతదశలో ఉన్నప్పుడు, పనివాడిని పనికి కట్టిపడవేయడానికి రాజ్యం ఏటా వేలసార్లు జోక్యం చేసుకొంటూనే ఉంది.

పార్టీల పేర్లను నమ్మితే ఈ చరిత్ర అర్థం కాదు. 1847లో పది గంటల పనిదిన చట్టాన్ని ముందుకు నడిపినవారు టోరీ ప్రభువు యాష్లీ, నూలు మిల్లు యజమాని అయిన రాడికల్ ఫీల్డెన్. ధాన్య సుంకాలను ఓడించిన జాన్ బ్రైట్ దానిని వ్యతిరేకించాడు. 1871లో గ్లాడ్‌స్టన్ ఉదారవాద ప్రభుత్వం ఒక చేత్తో సంఘాలకు చట్టబద్ధత ఇచ్చి, మరో చట్టంతో శాంతియుత పికెటింగ్‌ను సైతం నేరం చేసింది. దానిని రద్దు చేసి, ఒప్పంద ఉల్లంఘనను సాధారణంగా సివిలు వ్యవహారంగా మార్చినది 1875లో డిజ్రేలీ కన్సర్వేటివ్ ప్రభుత్వం. కన్సర్వేటివులకు కార్మికులపై ప్రేమ పుట్టిందని దీని అర్థం కాదు. 1867 సంస్కరణతో పట్టణ కార్మికులలో చాలామందికి ఓటు వచ్చింది, 1868లో మాంచెస్టర్‌లో కార్మిక సంఘాల మహాసభ ఏర్పడింది, ఆ ఓటు కోసం రెండు పక్షాలూ పోటీపడ్డాయి.

1865, 1869: ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు

ఉదారవాద, సామ్యవాదాలు కార్మిక సంఘం ముందు ఎలా నిలబడ్డాయో చూడటానికి నాలుగేళ్ల వ్యవధిలోని రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టాలి. వీటిని వేర్వేరు అధ్యాయాలలో చదవడం వల్లనే వీటి మధ్య సంబంధం మనకు కనబడలేదు.

మొదటిది 1865 జూన్‌లో జరిగింది. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 28న లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ హాలులో అంతర్జాతీయ శ్రామిక సంఘం ఏర్పడింది. దాని సర్వసభ్య మండలిలో జాన్ వెస్టన్ అనే వడ్రంగి ఒక వాదన లేవదీశాడు. వేతనాలు పెరిగితే సరుకుల ధరలు పెరుగుతాయి, కనుక సమ్మెల వల్ల శ్రామికులకు మిగిలేది ఏమీ లేదు. వెస్టన్ పెట్టుబడిదారు పక్షపాతి కాదు, ఓవెన్ సామ్యవాది. సహకార సమాజం రావాలి, ఈలోపు వేతనాల పెనుగులాట వ్యర్థం అన్నది అతని భావం. దీనికి మార్క్స్ రెండు సమావేశాలలో ఆంగ్లంలో సమాధానం చదివాడు. ఆ ఉపన్యాసం 1898 వరకు అచ్చు కాలేదు. వేతనానికీ లాభానికీ మధ్య హద్దును ప్రకృతి గీయలేదనీ, ఇరుపక్షాల బలాబలాలే దానిని నిర్ణయిస్తాయనీ అందులోని సారాంశం. సంఘాలు ప్రతిఘటన కేంద్రాలుగా ఉపయోగపడతాయనీ, వేతన వ్యవస్థనే మార్చే పనికి తమ శక్తిని వినియోగించనప్పుడు విఫలమవుతాయనీ చివర హెచ్చరించాడు.

రెండో ఘట్టం 1869 మే నెలది. మిల్ తన మిత్రుడు థార్న్‌టన్ శ్రమపై రాసిన గ్రంథాన్ని ఫోర్ట్‌నైట్లీ రివ్యూలో సమీక్షించాడు. ఆనాటి అర్థశాస్త్రం ప్రకారం వేతనాలకు కేటాయించిన పెట్టుబడి ఒక స్థిరమైన నిధి. ఒక వర్గం పనివారు సంఘం ద్వారా ఎక్కువ తీసుకొంటే మరో వర్గానికి తగ్గుతుంది. మొత్తం మీద సంఘాలు ఏమీ సాధించలేవు. ప్లేస్ నమ్మిన సూత్రానికి ఇది పక్వరూపం. మిల్ స్వయంగా 1848 నాటి అర్థశాస్త్ర సూత్రాలలో దీనిని బోధించాడు. సమీక్షలో దానిని విడిచిపెట్టాడు. అలాంటి స్థిర నిధి లేదు, వేతనాలు పెరగడానికి పరిమితి యజమాని దివాలా తీసే, లేదా వ్యాపారం మానుకొనే స్థాయి మాత్రమే, అంతవరకు ఉన్న విస్తీర్ణమంతా బేరసారాలకు చెందినది అని ఒప్పుకొన్నాడు.

ఈ రెండు పాఠాలలో కనిపించే పోలిక విశేషమైనది. తాత్త్వికంగా ఎంతో దూరాన ఉన్న ఇద్దరూ ఒకే స్థానానికి చేరారు. వేతనం విధి కాదు, బేరం. ఇద్దరూ తమ సొంత శిబిరంలోని వాదాన్నే ఖండించవలసి వచ్చింది. మిల్ ఉదారవాద అర్థశాస్త్రాన్ని, మార్క్స్ సామ్యవాదంలోని ఓవెన్ ధోరణిని. వారిని అక్కడికి చేర్చిన బలమైన కారణం 1850ల నుంచి ఇంజనీర్లు, వడ్రంగులు, భవన నిర్మాణ కార్మికులు నిర్మించిన శాశ్వత సంఘాలు. 1859, 60లలో లండన్ నిర్మాణ కార్మికులు తొమ్మిది గంటల పనిదినం కోరి చేసిన పోరాటం, యజమానుల లాకౌట్ దేశమంతా చర్చనీయాంశమయ్యాయి. సంఘాలు అసాధ్యమని సిద్ధాంతం చెబుతూ ఉండగా అవి ఎదురుగా పనిచేస్తున్నాయి. సిద్ధాంతమే సర్దుకోవలసి వచ్చింది.

మిల్ సర్దుబాటు ఎంత సంకోచంతో జరిగిందో కూడా గమనించాలి. 1871లో సూత్రాల ఏడో ముద్రణ వచ్చినప్పుడు వేతన నిధి భాగాన్ని అతడు మార్చలేదు. చర్చ ఇంకా పక్వానికి రాలేదని పీఠికలో చెప్పి ఊరుకొన్నాడు. దీనిని కేవలం పండితుని జాగ్రత్తగా భావించేవారున్నారు. నాకు అంతకన్నా ఎక్కువ కనిపిస్తుంది. 1852 నాటి మూడో ముద్రణలోనే మిల్ సామ్యవాదం పట్ల బాగా సానుభూతి చూపాడు. తానూ హ్యారియట్ కూడా సామ్యవాదులమేనని ఆత్మకథలో రాసుకొన్నాడు. కానీ అతడు ఊహించిన సామ్యవాదం కార్మికుల సహకార కర్మాగారాలది, సంఘాలది కాదు. పోటీని నిర్మూలించాలన్న సామ్యవాదుల మాటను అతడు చివరివరకు తిరస్కరించాడు. ఆస్తి రూపాన్ని మార్చడానికి సిద్ధపడిన మిల్‌కు ఒప్పందంలోని ఒక పక్షం వ్యక్తి కాక సమూహం అనే ఊహను సూత్రగ్రంథంలోకి ఎక్కించడం అంత తేలిక కాలేదు. ఉదారవాదానికి సామ్యవాదం కంటే కార్మిక సంఘమే కఠినమైన పరీక్ష అని నేననడానికి ఇదే ఆధారం.

ఈ రెండు ఘట్టాలనూ కలిపే మనిషి ఒకడున్నాడు. జార్జ్ ఆడ్జర్ చెప్పులు కుట్టే పనివాడు, లండన్ వృత్తి సంఘాల మండలి కార్యదర్శి. అంతర్జాతీయ సంఘపు సర్వసభ్య మండలికి తొలి అధ్యక్షుడు కూడా అతడే. 1870లో సదర్క్ ఉప ఎన్నికలో నిలబడ్డాడు. మిల్ అతడిని సమర్థించాడు. ఉదారవాద పక్షం వేరే అభ్యర్థిని నిలిపి, ఓటింగ్ రోజునే విరమింపజేసింది. ఓట్లు చీలి కన్సర్వేటివ్ గెలిచాడు. మరుసటి ఏడాది పారిస్ కమ్యూన్‌ను సమర్థిస్తూ మార్క్స్ రాసిన ప్రకటన వెలువడగానే ఆడ్జర్ మండలి నుంచి తప్పుకొన్నాడు. మార్క్స్ జీవితచరిత్రలలో అతడు అవకాశవాది. ఉదారవాద చరిత్రలలో అతడు పాదసూచిక. సంఘం, ఓటు, శాసనసభలో స్థానం అన్న మూడింటి మీదా అతని దృష్టి స్థిరంగా ఉంది. వాటికి ఎవరు తోడైతే వారితో నడిచాడు. తనకంటూ ఒక రాజకీయ తర్కం ఉన్న మనిషిగా అతడిని చూసిన రచన అరుదు.

టాఫ్ వేల్, 1906

1874 నుంచి ఉదారవాద పక్షం తరఫున కొద్దిమంది కార్మిక నాయకులు కామన్స్ సభకు వెళ్లసాగారు. గని కార్మికులు మాక్డోనల్డ్, థామస్ బర్ట్ తొలివారు. ఈ పొత్తు రెండు దశాబ్దాలకు పైగా నడిచింది. అది సడలడానికి 1889 లండన్ రేవు కార్మికుల సమ్మె తరువాత పెరిగిన సామ్యవాద ప్రచారం ఒక కారణం. స్థానిక ఉదారవాద సంఘాలు పనివారిని అభ్యర్థులుగా అంగీకరించకపోవడం అంతకు తక్కువ కారణమేమీ కాదు. 1888లో మిడ్ లానార్క్‌లో కీర్ హార్డీ స్వతంత్రుడిగా నిలబడింది అందువల్లనే.

నిర్ణాయకమైన దెబ్బ న్యాయస్థానం నుంచి వచ్చింది. 1900లో సౌత్ వేల్స్‌లోని టాఫ్ వేల్ రైల్వేలో సమ్మె జరిగింది. కంపెనీ రైల్వే ఉద్యోగుల సంఘంపై దావా వేసింది. సంఘాన్ని దాని పేరుతోనే దావాకు గురిచేయవచ్చుననీ, నష్టాలకు సంఘం నిధి బాధ్యత వహించాలనీ 1901లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. సంఘానికి 23,000 పౌండ్ల నష్టపరిహారం, ఖర్చులతో కలిపి సుమారు 42,000 పౌండ్ల భారం పడింది. 1900 ఫిబ్రవరిలో ఏర్పడి అనామకంగా ఉన్న కార్మిక ప్రాతినిధ్య సంఘంలో రెండేళ్లలో అనుబంధ సభ్యత్వం రెట్టింపు దాటింది. లేబర్ పార్టీకి జన్మనిచ్చినది సామ్యవాద సాహిత్యమా, ప్రభువుల సభా అన్న ప్రశ్నకు సభ్యత్వ పట్టికలు ఒక సమాధానం చెబుతాయి.

1906 ఎన్నికలలో 29 మంది కార్మిక ప్రతినిధులు గెలిచారు. ఆ ఏడాది వివాదాల చట్టం రూపొందిన తీరు మన పాఠ్యగ్రంథాల వర్గీకరణను తలకిందులు చేస్తుంది. సంఘాలకు పరిమితమైన రక్షణ మాత్రమే ఇచ్చే ముసాయిదాను ఉదారవాద ప్రభుత్వపు న్యాయాధికారులు తెచ్చారు. సంఘాలు సంపూర్ణ రక్షణ కోరుతూ సొంత ముసాయిదా ప్రవేశపెట్టాయి. ప్రధాని కాంప్‌బెల్ బానర్‌మన్ తన ప్రభుత్వ ముసాయిదాను పక్కకు పెట్టి దానిని అంగీకరించాడు. ఇదే విషయంపై నియమితమైన రాజ కమిషన్‌లో సిడ్నీ వెబ్ సభ్యుడు. సంఘాల చరిత్రను 1894లో బియాట్రిస్‌తో కలిసి రాసిన వెబ్, ఫేబియన్ సామ్యవాదులలో అగ్రగణ్యుడు. సంపూర్ణ రక్షణను నిరాకరించిన అధికసంఖ్యాకుల నివేదికపై సంతకం చేసి, న్యూజిలాండ్ తరహా నిర్బంధ మధ్యవర్తిత్వం వైపు మొగ్గాడు. సంఘాలు ఆ కమిషన్‌నే బహిష్కరించాయి. సామ్యవాది వద్దన్నదానిని ఉదారవాది ఇచ్చాడు. ఇద్దరినీ కాదని సంఘాలు తమ ముసాయిదాను నెగ్గించుకొన్నాయి.

వెబ్ దంపతుల గ్రంథంలో మరొక చిన్న మార్పు ఇక్కడ ప్రస్తావించదగినది. 1894 ముద్రణలో వారు సంఘ లక్ష్యాన్ని కూలికి కుదిరిన పని పరిస్థితులకు పరిమితం చేసి నిర్వచించారు. అది వేతన వ్యవస్థను శాశ్వతంగా భావించినట్లుందన్న విమర్శ రావడంతో 1920 ముద్రణలో శ్రామికుల పని జీవితం మొత్తానికి విస్తరించారు. నిర్వచనం ఉద్యమం వెంట నడిచిందనడానికి ఇది మరొక నిదర్శనం.

1906 చట్టం సాధించినదేమిటి? సమ్మె హక్కు అనే మాట అందులో లేదు. పారిశ్రామిక వివాదం సందర్భంలో చేసిన కొన్ని పనులకు, ఇతరులకు వర్తించే సాధారణ న్యాయం సంఘాలకు వర్తించదు, అంతే. ఒప్పంద స్వేచ్ఛ సాధారణ సూత్రంగానే మిగిలింది. సంఘం దానికి మినహాయింపు అయింది. డైసీ వంటి న్యాయశాస్త్రజ్ఞులు ఇది ఒక వర్గానికి ఇచ్చిన విశేషాధికారమని ఆక్షేపించగలిగారంటే చట్టపు రూపమే అందుకు తావిచ్చింది. మినహాయింపు ఎప్పుడూ తన ఉనికికి కారణం చెప్పుకోవాలి. హక్కుకు ఆ బాధ్యత లేదు.

ఎల్. టి. హాబ్‌హౌస్ 1911లో వెలువరించిన ఉదారవాద గ్రంథం ఈ లోటును తాత్త్వికంగా పూరించే ప్రయత్నం చేసింది. టి. హెచ్. గ్రీన్ 1881లో ఒప్పంద స్వేచ్ఛపై చేసిన ఉపన్యాసం దానికి పూర్వరంగం. ఇరుపక్షాల మధ్య గణనీయమైన సమానత లేనిచోట ఒప్పందంలో స్వేచ్ఛ ఉండదనీ, ఉదారవాద సామ్యవాదం సాధ్యమే కానీ అది కింది నుంచి రావాలనీ హాబ్‌హౌస్ వాదించాడు. ఈ గ్రంథం పట్ల గౌరవం ఉంచుకొంటూనే ఒక అభ్యంతరం చెప్పాలి. అందులో ఉదారవాదం తనలోని అంతర్గత తర్కంతోనే వ్యక్తి నుంచి సమూహానికి ఎదిగినట్లు కనిపిస్తుంది. నూరేళ్ల నిర్బంధం, దావాలు, ఖైదులు ఆ ఎదుగుదలలో సమసిపోతాయి. గ్రంథం వెలువడిన సంవత్సరమే, జాతీయ బీమా చట్టం తెచ్చిన అదే ఉదారవాద ప్రభుత్వం రైల్వే సమ్మెపైకి సైన్యాన్ని పంపింది. ఆగస్టులో లనెల్లి పట్టణంలో సైనికుల కాల్పుల్లో ఇద్దరు మరణించారు. కింది నుంచి రావలసినది వస్తున్నప్పుడు పైవారు ఏమి చేశారన్న ప్రశ్నకు హాబ్‌హౌస్ వద్ద సమాధానం లేదు.

వ్యక్తి స్వేచ్ఛ అనే ఆయుధానికి రెండో అంచు కూడా ఉంది. టాఫ్ వేల్‌లో దెబ్బతిన్న ఆ రైల్వే సంఘంలోనే శాఖా కార్యదర్శిగా ఉన్న ఆస్బర్న్ అనే ఉదారవాది, తన చందా లేబర్ పార్టీకి వెళ్లడాన్ని ఆక్షేపిస్తూ దావా వేశాడు. 1909లో ప్రభువుల సభ అతని పక్షం వహించి, సంఘాలు రాజకీయాలకు సొమ్ము వెచ్చించడమే కూడదన్నది. 1913 చట్టం మధ్యేమార్గం తీసింది. రాజకీయ నిధి వేరుగా ఉండాలి, ఇష్టంలేని సభ్యుడు తప్పుకోవచ్చు. ఆస్బర్న్ అభ్యంతరాన్ని యజమానుల కుట్రగా కొట్టివేయడం సులభం. కానీ సమూహంలో వ్యక్తి అంతఃకరణకు ఉండవలసిన చోటును గురించిన ఆ ప్రశ్న నిజమైనదే. సామ్యవాద సాహిత్యం దానిని తప్పించుకొన్నంతగా ఎదుర్కోలేదు.

మద్రాసుకు చేరిన రూపం

1918 ఏప్రిల్‌లో బి. పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. బిన్నీ కంపెనీ నిర్వహణలోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు అందులో ప్రధానం. 1920లో వివాదం ముదిరినప్పుడు కంపెనీ, వాడియా తదితరులపై మద్రాసు హైకోర్టులో దావా వేసింది. పనివారిని ఒప్పందం ఉల్లంఘించేటట్లు ప్రేరేపించారన్నది ఆరోపణ. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. వాడియా యూనియన్‌తో సంబంధం వదులుకొనే షరతుపై వ్యవహారం రాజీతో ముగిసింది. బ్రిటన్‌లో 1906లో మూసుకుపోయిన దారి మద్రాసులో తెరిచే ఉంది. ఉభయత్రా న్యాయసూత్రం ఒకటే, మినహాయింపు మాత్రం సముద్రం దాటలేదు. 1859 నాటి పనివారి ఒప్పంద ఉల్లంఘన చట్టం కూడా అప్పటికి ఇక్కడ అమలులోనే ఉంది. బ్రిటన్ 1875లో విడిచిపెట్టిన నేరశిక్షను వలస ప్రభుత్వం 1925లో గాని రద్దు చేయలేదు.

మద్రాసు దావా నేపథ్యంలో 1921లో కేంద్ర శాసనసభలో సంఘాల రక్షణకు చట్టం కోరుతూ తీర్మానం తెచ్చినవాడు ఎన్. ఎం. జోషి. ఆయన గోఖలే స్థాపించిన భారత సేవక సమాజ సభ్యుడు, స్వభావరీత్యా ఉదారవాది. 1926లో వచ్చిన కార్మిక సంఘాల చట్టంలో 17, 18 సెక్షన్లు కుట్ర నేరం నుంచీ సివిలు దావాల నుంచీ రక్షణ ఇచ్చాయి. 16వ సెక్షను రాజకీయ వ్యయాన్ని వేరు నిధికి పరిమితం చేసి, దానికి చందా ఇవ్వమని ఏ సభ్యుడినీ బలవంతం చేయరాదన్నది. 1906, 1913 చట్టాల జాడ స్పష్టం. ఒక తేడా ఉంది. ఇక్కడ రక్షణ రిజిస్టరైన సంఘాలకే. మినహాయింపునకు మరో షరతు తోడైంది.

ఈ చరిత్రలో తెలుగువారి భాగం వి. వి. గిరి. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి, రైల్వే కార్మికులలో పనిచేసిన గిరి 1929 నాగపూర్ చీలికలో జోషి పక్షాన నిలిచాడు. స్వతంత్ర భారత కార్మిక మంత్రిగా నిర్బంధ తీర్పరితనాన్ని వ్యతిరేకించి, యాజమాన్యమూ సంఘమూ ముఖాముఖి కూర్చొని తేల్చుకోవాలన్నాడు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో రాజీనామా చేశాడు. ఆయన వైఖరిని మితవాదంగా కొట్టివేయడం మన విమర్శలో పరిపాటి. 1906లో వెబ్‌కు ఎదురు నిలిచిన బ్రిటిష్ సంఘాల వైఖరితో పోల్చి చూసినప్పుడు ఆ ముద్ర సరిపోదు. రాజ్యం చేతికి బేరాన్ని అప్పగించడానికి ఇష్టపడని పాత సంఘ సంప్రదాయమే గిరిలోనూ ఉంది.

రాజ్యాంగం 19వ అధికరణం సంఘాలు ఏర్పరచుకొనే స్వేచ్ఛను ప్రాథమిక హక్కు చేసింది. సమ్మె ఆ హక్కులో భాగం కాదని సుప్రీంకోర్టు 1961లో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో చెప్పింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 22వ సెక్షను ప్రజోపయోగ సేవలలో నోటీసు లేకుండా 'ఒప్పందాన్ని ఉల్లంఘించి' సమ్మె చేయరాదన్నది. 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతి 62వ సెక్షను ఆ నిబంధనను పారిశ్రామిక సంస్థలన్నింటికీ విస్తరించింది. సగం లేదా అంతకు మించిన కార్మికులు కూడబలుక్కొని ఒకేసారి ఆకస్మిక సెలవు పెట్టడాన్నీ సమ్మెగా నిర్వచించింది. ఒప్పంద ఉల్లంఘన అన్న పదబంధం మాత్రం మారలేదు.

మద్రాసు దావాకు సంబంధించి తెలుగులో చేయవలసిన పని ఒకటి మిగిలే ఉంది. 1914 నుంచి ఆంధ్రపత్రిక మద్రాసులోనే దినపత్రికగా వెలువడింది. 1920, 21 సంవత్సరాల సంచికలలో సమ్మె, ఒప్పందం, యూనియన్, స్వేచ్ఛ అన్న మాటలు ఏయే అర్థాలలో వాడుకకు వచ్చాయో పరిశోధకులు వెతకాలి. ఆ మాటలతో పాటు, వాటిని మిల్లు గేటు దగ్గర పలికినవారి పేర్లు ఎక్కడెక్కడ కనిపిస్తాయో కూడా చూడాలి.